పేరు పెట్టువాని బాధ్యత
(రేడియో ప్రసంగ పాఠము)

  

మీ దగ్గర బైబిలు ఉన్నట్లయితే మూడు భాగములు గుర్తు పెట్టుకోండి. ఆదికాండము రెండవ అధ్యాయము 19, 20 వచనములు. మొదటి కొరింథీయులకు ఎనిమిదవ అధ్యాయము. అపొస్తలుల కార్యములు పందొమ్మిదవ అధ్యాయము 37వ వచనము. ఈ దినము మనము ధ్యానించబోవు అంశము కొందరికి కొత్తగా ఉండవచ్చు. కల్పిత కథలు, అద్భుత కథలు వ్రాసేవారు మతగ్రంథములలో నుండి, పురాణములలో నుండి ప్రాణులను తెచ్చుకొన్నప్పుడు వాటి పేర్లు మార్చవలెనా? మార్చనక్కరలేదా?

"అయ్యగారూ, రేడియోలో ఇదేమి ప్రసంగము? మాకు కథలు వ్రాసే పని లేదు కదా" అని మీరనవచ్చు. కాని మీ ఇంటి పిల్లలు ఏమి చదువుచున్నారో, ఫోనులో ఏ ఆట ఆడుచున్నారో ఒకసారి చూడండి. అందులో దూతలు ఉన్నారు, దయ్యములు ఉన్నవి, నెఫీలులు ఉన్నారు, రాక్షసులు ఉన్నారు. కాబట్టి ఈ ప్రశ్న మన గడప దాటి ఎప్పుడో లోపలికి వచ్చింది.

నా దగ్గరకు ఈ ప్రశ్న తెచ్చినది మా సంఘములోని ఒక అమ్మాయి. డిగ్రీ రెండవ సంవత్సరము చదువుచున్నది, హాస్టలులో ఉంటుంది. చిన్నప్పటి నుండి కథలు వ్రాస్తుంది. ఒక ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత పెద్ద నోటుపుస్తకము ఒకటి పట్టుకొని వచ్చి కూర్చుంది. అందులో ఒక ఊరిని పీడించే మంత్రగత్తె కథ ఉన్నది. చింతచెట్టు మీద ఉంటుంది, పిల్లలను ఎత్తుకొని పోతుంది. ఆ మంత్రగత్తెకు మా అమ్మాయి పెట్టిన పేరు, హాస్టలులో ఆమె ప్రక్క మంచము మీద పడుకొనే స్నేహితురాలి ఇంటి ఇలవేల్పు పేరు. తెలియక పెట్టినది కాదు. వినటానికి గంభీరముగా ఉందని తెలిసే పెట్టింది.

ఆ స్నేహితురాలు కథ సగము వరకు చదివి, పుస్తకము మూసి, మంచము మీద పెట్టి, ఏమీ అనకుండా లేచి పోయిందట. ఈమెకు టైఫాయిడ్ వచ్చినప్పుడు మూడు రాత్రులు తడిగుడ్డ వేస్తూ ప్రక్కన కూర్చున్న పిల్ల ఆమె. నాటి నుండి ఇద్దరూ వేరు వేరు సమయములలో భోజనమునకు పోవుచున్నారు.

"అయ్యగారూ, అది ఒక పేరే కదా! విగ్రహము వట్టిదని మనమే చెప్పుతాము కదా! నేనెందుకు మార్చాలి?" అని అడిగింది. అడుగుతూ ఉంటే కన్నీళ్ళు వచ్చినవి. ఆ కన్నీళ్ళను బట్టి ఆమెకు సగము జవాబు తెలుసునని నేను గ్రహించాను.

ప్రియులారా, మొదట మనము నిజాయితీగా ఒక మాట ఒప్పుకొందాము. పేర్లు అరువు తెచ్చుకొనుట పాపమైతే, మన చేతిలోని బైబిలే మనలను అడ్డగిస్తుంది. వేదాంత కళాశాలలో హెబ్రీ భాష నేర్చుకొను రోజులలో యోబు గ్రంథము 41వ అధ్యాయములో "లెవియాథాన్" అనే మాట చూశాను. మన తెలుగు బైబిలులో ఆ చోట ఏమున్నది? మకరము. మకరము ఎవరిది? గంగకు వాహనమని చెప్పబడే ప్రాణి. గుడి తోరణముల మీద చెక్కబడిన ప్రాణి. మన పితరులు ఆ మాటను అక్కడనుండి తీసుకొని యెహోవా సృష్టిలో నిలబెట్టారు.

అలాగే "షెయోలు" అను హెబ్రీ మాటకు మనము పాతాళము అంటున్నాము. అతలము, వితలము, సుతలము అని లెక్కించే ఏడు లోకములలో అడుగుది పాతాళము. అపొస్తలుల కార్యములు పద్నాలుగవ అధ్యాయములో లుస్త్ర ప్రజలు బర్నబాకు పెట్టిన పేరు గ్రీకులో జ్యూస్. మన బైబిలులో అది ద్యుపతి. ఇరవై ఎనిమిదవ అధ్యాయములో పౌలు ఎక్కిన ఓడకు గ్రీకుల కవల దేవతల చిహ్నమున్నది. మన అనువాదకులు దానికి అశ్వినీ చిహ్నము అని వ్రాశారు. అంతెందుకు, మనము దేవుని ఆరాధించుటకు కూడుకొనే దినము పేరేమి? ఆదివారము. అనగా ఆదిత్యవారము, సూర్యుని వారము. ఆ పేరు పలికినందున మనలో ఎవరూ సూర్యునికి మ్రొక్కలేదు.

మూల భాషలలోను ఇదే జరిగింది. 1929లో సిరియా దేశములోని రాస్ షమ్రా అనే చోట, పురాతన ఉగరితు పట్టణపు మట్టి పలకలు బయటపడుట మొదలైంది. వాటిలో బయలు కథలున్నవి. వంకరగా తిరిగే ఒక సర్పము, ఏడు తలలు గల బలశాలి అక్కడ కనిపిస్తుంది. దాని పేరు లెవియాథాన్ పేరునకు దగ్గరి చుట్టము. యెషయా 27వ అధ్యాయములో ప్రవక్త ఆ సర్పమునే తలంచి, దానిని జయించువాడు బయలు కాదు, యెహోవాయే అని ప్రకటించాడు. 104వ కీర్తన ఇంకొక అడుగు ముందుకు వేసింది. లోకమంతా భయపడిన ఆ ప్రాణిని దేవుడు సముద్రములో ఆడుకొనుటకు చేశాడని చెప్పింది. పేతురు తన రెండవ పత్రిక రెండవ అధ్యాయములో, పాపము చేసిన దూతలను దేవుడు త్రోసివేసిన చోటును చెప్పుటకు, గ్రీకు పురాణములలోని "టార్టరస్" అను మాటలో నుండి వచ్చిన క్రియాపదమును వాడాడు. కాబట్టి అరువు తెచ్చుకొన్న పేరు దానంతటదే అపవిత్రము కాదు.

అయితే పేరు మార్చుట వ్యర్థమా? దీనికి సమీప చరిత్రలో ఒక ఉదాహరణ ఉన్నది. 1974లో అమెరికాలో "డంజన్స్ అండ్ డ్రాగన్స్" అనే ఆట వచ్చింది. బల్ల చుట్టూ కూర్చుండి, పాచికలు వేస్తూ, కలిసి కథ చెప్పుకొనే ఆట. అందులో దయ్యములు, పిశాచములు ఉన్నందున 1980లలో అక్కడి క్రైస్తవులలో అనేకులు దానిని తీవ్రముగా వ్యతిరేకించారు. 1989లో రెండవ కూర్పు వచ్చినప్పుడు ఆ పేర్లు తీసివేశారు. 1991లో అవే ప్రాణులు "తనార్రి" అనియు "బాటెజు" అనియు కొత్త పేర్లతో తిరిగి వచ్చినవి. 2000లో మూడవ కూర్పు వచ్చేసరికి పాత పేర్లు కూడా మరల వచ్చి కూర్చున్నవి. చూశారా! ప్రాణి అదే. చేయు పని అదే. మనుష్యుల అలజడికి జడిసి మార్చిన పేరు ఎంతకాలము నిలిచింది? అలజడి ఉన్నంత కాలమే.

బబులోనులో దీనికి తలక్రిందులుగా జరిగింది. దానియేలుకు బెల్తెషాజరు అని పేరు పెట్టారు. అది తన దేవత పేరును బట్టి పెట్టినదని రాజే చెప్పాడు. బయట పేరు మారింది, లోపలి మనుష్యుడు మారలేదు. సింహముల గుహ వరకు అదే దానియేలు. కనుక పేరు మార్చితే లోపలిది మారుతుందని అనుకోవద్దు, లోపలిది మార్చకుండా పేరు మార్చి చేతులు కడుగుకోవద్దు.

ఇంగ్లాండులోని ఆక్స్‌ఫర్డ్ పట్టణములో ఇద్దరు స్నేహితులుండేవారు. ఇద్దరూ పండితులు, ఇద్దరూ క్రైస్తవులు. ఒకరు టోల్కీన్, మరియొకరు సి.ఎస్. లూయిస్. 1931లో లూయిస్ క్రీస్తును నమ్ముటలో టోల్కీన్ సంభాషణకు పెద్ద పాత్ర ఉన్నది. ఈ ప్రశ్నకు మాత్రము ఇద్దరూ రెండు జవాబులిచ్చారు. 1950లో మొదలైన నార్నియా కథలలో లూయిస్ గ్రీకు పురాణముల నుండి సగము మనిషి సగము గుఱ్ఱమైన ప్రాణులను వాటి పేర్లతోనే తెచ్చుకొన్నాడు. మద్యపు దేవత బాకస్‌ను కూడా తెచ్చుకొన్నాడు. టోల్కీన్ కూడా ఉత్తర దేశపు పాత కావ్యములలో నుండి మరుగుజ్జుల పేర్లు తీసుకొన్నాడు. కాని దూతలవంటి వారిని గూర్చి వ్రాయవలసి వచ్చినప్పుడు వారికి "వాలార్" అని, "మైయార్" అని తానే పేర్లు కల్పించాడు. పరీక్ష పేపర్లు దిద్దుచుండగా ఒక తెల్లకాగితము మీద "హాబిట్" అనే కొత్త మాట వ్రాశాడు. ఆ మాట నుండి 1937లో ఒక పుస్తకమే పుట్టింది. నార్నియాలోని కలగాపులగము టోల్కీన్‌కు నచ్చలేదు. అయినను ఇద్దరిలో ఎవరినీ దేవుని విడిచినవాడని మనము అనము. దీనిలో ఒక్కటే కట్టడ లేదు, ప్రియులారా. వివేచన కావాలి.

ఆ వివేచన కొరకు నేను మా అమ్మాయికి మూడు ప్రశ్నలు ఇచ్చాను. మీకును ఇస్తున్నాను.

మొదటి ప్రశ్న. ఈ పేరును ఈనాడు ఎవరైనా ప్రార్థనలో పలుకుచున్నారా?

బయలుకు ఈనాడు బలిపీఠము లేదు. కాని మా అమ్మాయి వాడిన పేరుకు ఆ స్నేహితురాలి తల్లి ప్రతి శుక్రవారము దీపము పెట్టుచున్నది. జపానులో తయారైన "ఫైనల్ ఫాంటసీ" అనే ఆటలో శివ అను పేరుతో మంచును కురిపించే ఒక స్త్రీ ఉన్నది. 2012లో "స్మైట్" అనే ఆటలో కాళిని, అగ్నిని పోరాడే బొమ్మలుగా పెట్టినప్పుడు అమెరికాలోని ఒక హైందవ నాయకుడు అభ్యంతరము చెప్పాడు. 2016లో హ్యారీ పోటర్ రచయిత్రి అమెరికా ఆదివాసుల నమ్మకములలోని ప్రాణులను తన మాయా లోకములో కలిపినప్పుడు ఆ ప్రజలలో అనేకులు నొచ్చుకొన్నారు. వారికి అది చచ్చిన కథ కాదు, బ్రతికి ఉన్న నమ్మకము.

"తెలుగు సినిమాలలో యముని పెట్టి నవ్వించలేదా?" అని మీరనవచ్చు. 1977లో "యమగోల" వచ్చింది, ఊరంతా నవ్వింది. అయితే తాతగారి మీసము గూర్చి మనుమడు నవ్వుట వేరు, ప్రక్కింటివాడు గోడ మీద నుండి నవ్వుట వేరు. ఇది మనకందరికీ తెలుసు.

రెండవ ప్రశ్న. ఆ పేరులో ఉన్నది నా కథలోని ప్రాణిలో ఉన్నదా?

నేను చెప్పిన ఆ అమెరికా ఆటలో రాక్షసుడు ఉన్నాడు. పులి తల, వెనుకకు తిరిగిన అరచేతులు. మన దేశములో రాక్షసుడనగానే గుర్తుకు వచ్చు రావణుడు గొప్ప పండితుడు. ధర్మమును కోరిన విభీషణుడును పుట్టుకకు రాక్షసుడే. అవేవీ అక్కడ ప్రధానము కాదు. శబ్దము మాత్రము తీసుకొని పులి తల తగిలించారు. ఒకని పేరు తీసుకొని వానివి కాని గుణములు వానికి అంటగట్టుట తొమ్మిదవ ఆజ్ఞకు ఎంత దూరములో ఉన్నదో ఆలోచించండి. లోపల ఏమీ మిగలనప్పుడు కొత్త పేరు పెట్టుటయే నిజాయితీ.

ఇదే కొలత మనకు నొప్పి కలిగినప్పుడు కూడా పని చేస్తుంది. మా అమ్మాయి ఒక ఇంగ్లీషు నవల గూర్చి నాతో ఎంతో బాధగా చెప్పింది. 2003లో వచ్చిన ఆ నవలలో మంత్రగాడు పిలిస్తే వచ్చే ఒక జిన్ ఉన్నది, దాని పేరు బార్టిమేయస్. మార్కు సువార్త పదవ అధ్యాయములో యెరికో త్రోవ ప్రక్కన కూర్చుండి, దావీదు కుమారుని పిలిచిన మన బర్తిమయి పేరు! "అది చదివినప్పుడు కడుపులో ఎట్లాగో అయ్యింది అయ్యగారూ" అన్నది. ఆ రచయిత మన మీద ద్వేషముతో వ్రాశాడని నేను చెప్పను. కాని ఆమెతో నేను మెల్లగా ఒక మాట అన్నాను. "తల్లీ, నీ స్నేహితురాలు పుస్తకము మూసినప్పుడు ఆమె కడుపులో కూడా అట్లాగే అయ్యి ఉంటుంది." ఆమె చాలాసేపు మాట్లాడలేదు. మనుష్యులు మనకేమి చేయవలెనని కోరుదుమో దానినే వారికి చేయవలెనని ప్రభువు కొండమీద చెప్పినప్పుడు, కథలు వ్రాసేవారికి ఏ మినహాయింపూ ఇవ్వలేదు.

మూడవ ప్రశ్న. నేను మార్చుచున్నది భయము చేతనా, ప్రేమ చేతనా?

కొరింథు సంఘములో కొందరు మా అమ్మాయి అడిగిన మాటే అడిగారు. విగ్రహము వట్టిది, కనుక దాని ఎదుట పెట్టిన మాంసము తింటే ఏమి? పౌలు వారి జ్ఞానము తప్పనలేదు. ఒప్పే అన్నాడు. కాని జ్ఞానము మనిషిని ఉబ్బజేస్తుందని, ప్రేమ కట్టుతుందని నేర్పించాడు. నీకు జ్ఞానమున్నదా, సంతోషము. ఆ జ్ఞానముతో ఎవరి హృదయము మీద నడుస్తున్నావు? పౌలు అక్కడ సంఘములోని బలహీన సహోదరుని గూర్చి చెప్పాడు, నిజమే. కాని పదవ అధ్యాయము చివరకు వచ్చేసరికి యూదులకును, గ్రీసు దేశస్థులకును, దేవుని సంఘమునకును అభ్యంతరము కలుగజేయవద్దని ఆ వలయమును పెద్దది చేశాడు.

"మరి ఏలీయా బయలు ప్రవక్తలను ఎగతాళి చేయలేదా?" మంచి ప్రశ్న. ఏలీయా కర్మెలు కొండమీద మాట్లాడినది నిబంధన మీరిన తన సొంత ప్రజల ఎదుట. ఇప్పుడు ఎఫెసును చూడండి. చేతులతో చేసినవి దేవతలు కావని పౌలు అక్కడ దాపరికము లేకుండా బోధించాడు. ఊరంతా రేగింది. అప్పుడు ఆ పట్టణపు కరణము, అర్తెమి గుడి గల ఊరి అధికారి, లేచి ఇచ్చిన సాక్ష్యము 37వ వచనములో ఉన్నది. ఈ మనుష్యులు గుడి దోచినవారు కారు, మన దేవతను దూషించినవారు కారు అన్నాడు. ఆలోచించండి! సత్యమును పూర్తిగా చెప్పారు, దూషణ ఒక్కటి కూడా లేదు. దానికి సాక్షి సంఘములోనివాడు కాదు, బయటివాడు. మన ఊరి కరణము మనలను గూర్చి ఆ సాక్ష్యము ఇవ్వగలడా?

ఇప్పుడు నేను నా తప్పు ఒకటి చెప్పాలి. చెప్పకపోతే ఈ ప్రసంగము సగము అబద్ధము అవుతుంది.

పన్నెండు సంవత్సరముల క్రితము సండేస్కూలులో పదవ తరగతి అబ్బాయి ఒకడు కథ వ్రాసి తెచ్చాడు. కరవులో ఉన్న ఊరి చెరువును ఒక ఘటసర్పము కాపలా కాస్తుంది, అదీ కథ. నేను పూర్తిగా చదవలేదు. "ప్రకటన గ్రంథములో ఘటసర్పము ఎవరు? సాతాను. దానిని మంచిదిగా వ్రాస్తావా?" అని పిల్లలందరి ఎదుట అడిగి, చింపివేయమన్నాను. వాడు చింపాడు. మారు మాట్లాడలేదు. ఖాసీ కొండలకు, మిజోరామునకు సువార్త తెచ్చిన మిషనరీలలో అనేకుల స్వదేశము వేల్స్. ఆ దేశపు జెండా మీద ఉన్నది ఎర్రని ఘటసర్పమే. ఆ సంగతి నాకు అప్పుడు తెలియదు. తెలిసినా అడిగేవాడిని కానేమో. ఆ పిల్లవాడు కోరినది పొగడ్త కాదు. తన అయ్యగారు తన కథ చదవాలని మాత్రమే కోరాడు.

మా అమ్మాయి వచ్చి వెళ్ళిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తెల్లవారి ఆ అబ్బాయికి ఫోను చేశాను. ఇప్పుడు వేరే ఊరిలో ఉద్యోగము చేస్తున్నాడు. "బాబూ, ఆ రోజు నీ కథ చింపించాను, నన్ను క్షమించు" అన్నాను. "ఏ కథ అయ్యగారూ?" అన్నాడు. కాసేపు ఇద్దరమూ మాట్లాడలేదు. తరువాత ఆ కథ మొదటినుండి చివరవరకు, ఒక్క మాట పొల్లుపోకుండా చెప్పాడు. మరల ఎప్పుడైనా వ్రాశావా అని అడిగాను. లేదన్నాడు.

ప్రియులారా, ఏదెనులో దేవుడు జంతువులను ఆదాము యొద్దకు తెచ్చి, వాడు ఏమి పేరు పెట్టునో చూచాడని వ్రాయబడియున్నది. దేవుడే పేర్లు పెట్టి ఇవ్వలేదు. మనిషికి ఆ పని అప్పగించి, నిలబడి చూచాడు. ఎంత ఘనత! ఎంత బాధ్యత! ఆ ఘనతను నేను ఒక పిల్లవాని చేతిలోనుండి లాగివేశాను. ఆ బాధ్యతను మా అమ్మాయి ఒక స్నేహితురాలి యెడల మరచిపోయింది. ఇద్దరమూ క్షమాపణ అడుగవలసినవారమే.

మా అమ్మాయి మొదట ఆ పేరులో ఒక అక్షరము మార్చి తెచ్చింది. "తల్లీ, చింతచెట్టు అదే, చేతిలోని ఆయుధము అదే, నుదుటి బొట్టు అదే. నీ స్నేహితురాలు గుర్తుపట్టదా?" అన్నాను. నవ్వింది, తిరిగి పట్టుకొని పోయింది. నెల తరువాత కథ మొత్తము మారింది. ఆమె వ్రాయాలనుకొన్నది మంత్రగత్తెను గూర్చి కాదట. వాళ్ళ ఊరిలో ఒకదాని వెంట ఒకటిగా ఎండిపోయిన బోర్లను గూర్చి అట. రాత్రివేళ వచ్చి బావుల నీళ్ళు త్రాగి పోయే ఒక ప్రాణిని కల్పించి, దానికి "ఎండుగొంతు" అని పేరు పెట్టింది. ఆ పేరు ఎవరి గుడిలోనుండి రాలేదు, వాళ్ళ నాయనమ్మ నోటిలోనుండి వచ్చింది. నాకైతే పాత పేరు కంటె ఇదే ఎక్కువ భయము పుట్టించింది.

ఆ పుస్తకము పట్టుకొని స్నేహితురాలి దగ్గరకు వెళ్ళి క్షమాపణ అడిగింది. ఆ పిల్ల వెంటనే ఏమీ అనలేదట. వారము తరువాత భోజనాల దగ్గర ప్రక్కన వచ్చి కూర్చుండి, "ఎండుగొంతు చివరకు ఏమయ్యింది?" అని అడిగిందట.

కథలు వ్రాసే తమ్ముళ్ళారా, చెల్లెళ్ళారా! వ్రాయండి. మీ చేతిలోని కలము దేవుని వరము. తల్లిదండ్రులారా, కాపరులారా! చింపక ముందు చదవండి. పొరుగువారి పవిత్రమైన పేరును మీ కథలో రాక్షసికి పెట్టక ముందు, ఆ పొరుగువారి ముఖము ఒకసారి తలంచుకోండి.

తలలు వంచుదాము. ప్రేమగల తండ్రీ, మమ్మును పేరు పెట్టి పిలిచిన దేవా, మా నాలుకను, మా కలమును నీ స్వాధీనములో ఉంచుము. సత్యమును దాచని ధైర్యము, పొరుగువానిని దూషించని ప్రేమ మాకు దయచేయుము. మా మాటలవలన నొచ్చుకొన్నవారి యొద్దకు వెళ్ళుటకు మాకు పాదములిమ్ము. యేసు నామములో వేడుకొనుచున్నాము తండ్రీ, ఆమేన్.

దేవుడు మిమ్మును మీ ఇంటివారిని దీవించును గాక.